అత్తమ్మ చీరల బొంత, అటక మీది రోకలి

ఒకే చాప మీద కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ల మూతులు ఒకే మధ్యాహ్నం వాచిపోయిన ఇల్లు మాచర్ల మొత్తంలో మాదొక్కటే. ఆ ముగ్గురిలో ఒకరు స్వయానా మా వియ్యపురాలు. ఆడపిల్లను కన్న తండ్రి ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్కకే గుండె గుభేలుమని ఉంటుంది. అసలు ఘోరం ఇంకా ముందుంది కాబట్టి, కాస్త కూర్చుని చదవండి.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. ఈ వ్యవహారంలో తప్పు నాది కాదు. మా బజారులో ఎవరినడిగినా నాదే అంటారు. మా ఆవిడ కోటేశ్వరి అయితే ఎవరూ అడక్కుండానే అంటుంది. నా వైపు వాదన వినే దిక్కు లేక మీ దగ్గరికి వచ్చాను.

నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు వస్తుంటాయి, రాగితీగ చుట్టి పంపిస్తుంటాను. చేతికి పని ఉంటుంది గానీ మనసుకేం ఉంటుంది చెప్పండి. అలాంటి రోజుల్లో ఫోనులో ఒక వీడియో కనబడింది. ఎక్కడో చలిదేశంలో ఒక గడ్డం పెద్దాయన చెక్కముక్కను గిరగిరా తిప్పే లేత్‌కు బిగించి ఉలి ఆనించగానే, పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టలుగా ఊడి పడుతోంది. చూస్తుండగానే ఆ ముక్క సూదులు దాచుకునే గొట్టమైంది. ఇంకోటి సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే చిన్న టోపీ అయింది. ఆయన భార్య పక్కనే కూర్చుని రంగురంగుల ముక్కల దుప్పటి కుట్టుకుంటూ, ఆయన చేసిన ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని మురిసిపోతోంది. నిజం చెబుతున్నా, నాకు లేత్ కన్నా ఆ మురిసిపోవడం నచ్చింది.

పక్కన దుర్గిలో రాయిని చెక్కి దేవుణ్ణి నిలబెడుతుంటే, మాచర్లలో నేను చెక్కతో ఒక సూదుల గొట్టం చేయలేనా అనుకున్నాను. షాపులో ఎవరూ తీసుకెళ్లని పాత మోటారొకటి ఉంటే దానికి ఇరుసు బిగించి, ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ తయారు చేశాను. మొదట వేపకర్రతో చపాతీ కర్ర చేసి కోటేశ్వరి చేతికిచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిది?"

"చపాతీ కర్ర."

"ఇట్టా వంకరగా ఉందేంది?"

"అది డిజైను."

"దీంతో చేసిన చపాతీలు తినాలంటే మనం కూడా ఒక పక్కకి వంగి కూకోవాల."

ఇదీ మా ఇంట్లో కళకు దొరికే మర్యాద. అయినా నేను మానలేదు. ఉలి సరైన చోట ఆనినప్పుడు చెక్క చేసే ఆ సన్నటి చప్పుడు ఒకసారి విన్నవాడు మానలేడు. సాయంత్రం షాపు కట్టేసి షెడ్డులో కూర్చుంటే, రోజంతా రైతులతో పడ్డ తగాదాలన్నీ పొట్టుతో పాటే ఊడి కింద పడేవి. వంకరలు కూడా క్రమంగా తగ్గాయి.

ఇంతలో మా అమ్మాయి శ్రావణికి ఆడపిల్ల పుట్టింది. పురిటికి మా ఇంట్లోనే ఉంది. కోటేశ్వరి తన పెట్టె తెరిచి, చనిపోయిన వాళ్లమ్మ కట్టుకున్న నేతచీరలు బయటికి తీసింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీరలవి. మిగతావన్నీ అప్పట్లోనే అక్కాచెల్లెళ్లు తలా ఒకటి పంచుకుపోగా ఈవిడ వాటాకు వచ్చినవి అవే. వాటితో పసిపిల్లకు బొంత కుట్టి, ఉయ్యాలలో వేసే రోజున దాని మీద పడుకోబెట్టాలని ఆమె ఆశ. "మా అమ్మ దీన్ని చూడలేదు. కనీసం ఆమె చీర మీదన్నా పడుకుంటది" అంది నాతో.

ఈ ఆశకు అడ్డుపడింది మా వియ్యపురాలు రాజ్యలక్ష్మి గారు. నరసరావుపేట నుంచి వేడుకకు ముందుగానే వచ్చేశారు, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. ఆ కవరులో షాపులో కొన్న మెత్తటి పరుపు దుప్పటి, దాని నిండా కుందేళ్ల బొమ్మలు.

"పుట్టిన బిడ్డకి పాతబట్టలేంది వదినా. బజార్లో ఇయ్యన్నీ ఉండంగా" అన్నారు.

"పాత చీరలైతేనే వొంటికి మెత్తగా ఉంటయ్ వదినా" అంది కోటేశ్వరి నవ్వుతూ.

"సరే, రేపటికల్లా అయితే చూద్దాం. కాకపోతే ఇది ఉంది గదా" అన్నారామె కూడా నవ్వుతూ.

ఆ రెండు నవ్వుల మధ్య నిలబడ్డవాడికే తెలుస్తుంది ఎంత వేడిగా ఉంటుందో. బొంత సగమే అయింది, వేడుక మర్నాడే. అది పూర్తి కాకపోతే కుందేళ్లు ఉయ్యాలెక్కుతాయి, మా అత్తమ్మ చీరలు మళ్లీ పెట్టెలోకి పోతాయి.

నేను మాత్రం నిశ్చింతగా ఉన్నాను. ఎందుకంటే అప్పటికే ఒక అపురూపమైన కానుక తయారుచేసి దాచి ఉంచాను. దాని కథ చెప్పాలి.

కోటేశ్వరి సూదులు క్యాలెండరుకు గుచ్చి ఉండేవి, దారపు ఉండలు పోపుల డబ్బాలో ఉండేవి. ఆ చలిదేశపు భార్యకు ఉన్న సామాను మా ఆవిడకు ఎందుకు ఉండకూడదు అనిపించింది. కానీ చెక్క కావాలి కదా. వేప మెత్తన. తుమ్మ పచ్చిది దొరికింది, లేత్ మీదే బీట ఇచ్చింది. కలప డిపోకు పోయి టేకుముక్క అడిగితే గుమ్మానికా కిటికీకా అన్నాడు. సూదుల గొట్టానికి అన్నాను. అతను నవ్వి, లోపలున్న వాళ్లందర్నీ పిలిచి నన్ను మళ్లీ చెప్పమన్నాడు.

అవమానంతో ఇంటికొచ్చి అటకెక్కాను. అక్కడ మా అమ్మ నాటి రోకళ్లు రెండున్నాయి. ఒకటి నల్లగా, పుచ్చిపోయి ఉంది. రెండోది వెలుతురులో పట్టి చూశాను. ఇనుములా గట్టిది, ముదురు ఎరుపు. పైపొర గీకితే కింద కూడా ఎరుపే. ఆ గడ్డం పెద్దాయన వీడియోలో ఎప్పుడూ చెప్పేవాడు, చెక్కకు పుట్టుకతో వచ్చిన రంగు మీద ఇంకో రంగు వేయడం పాపమని. ఇంతటి అరుదైన కలపను మా వాళ్లు దంచడానికి వాడారే అని నాకు మా వంశం మీదే కోపం వచ్చింది. చివరనున్న ఇనప పొన్ను కొట్టి తీసేసి, రోకలిని ముక్కలు కోశాను.

మీరు ఈపాటికి నవ్వుతున్నారని తెలుసు. మీరు చదువుతున్నారు కాబట్టి మీకు తెలిసింది. అటక మీద నా పక్కన మీరు లేరు.

వీడియోలో చెప్పినట్టు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, దుమ్ము బయటికి పోయేలా ఫ్యాను తిప్పి పని మొదలెట్టాను. గోడ అవతల టీ కొట్టు సాంబయ్య తుమ్మడం మొదలెట్టాడు. అతని దగ్గర టీ తాగేవాళ్లూ అందుకున్నారు.

"ఏంది బావా, ఒకటే తుమ్ములు" అన్నాడు గోడ మీంచి.

"మిర్చి లారీలు పోతన్నయ్ గదరా రోడ్డు మీద" అన్నాను.

"అవునవును" అన్నాడు, తుమ్మాడు, వెళ్లిపోయాడు.

చూశారా. ఇదే వేరే జిల్లాలో అయితే మొదటి తుమ్ముకే అనుమానం వచ్చేది. మాకు కల్లాల్లో మిరపకాయలు ఎండే నెలల్లో తుమ్మకపోతే ఒంట్లో బాగాలేదేమో అని అడుగుతారు. నా మెడ మండితే ఎండ అనుకున్నాను. కళ్లు మండితే ఏకాగ్రత అనుకున్నాను.

సూదుల గొట్టం, దానికి మూత. వేలికి టోపీలు. దారం ఉండ కదలకుండా కూర్చునే గిన్నె. అన్నింటికన్నా ముద్దుగా, సూదులు గుచ్చుకునే చిన్న దిండు, దాని కింద చెక్క పీఠం. దిండులోకి దూది బదులు ఆ చెక్క రంపపు పొట్టే మెత్తగా జల్లించి కూరాను. పొట్టైతే సూదికి తుప్పు పట్టదని పెద్దాయన చెప్పాడు. చివరగా అన్నింటికీ ఆముదం పట్టించాను. ఆముదం తగలగానే ఎరుపు పైకి ఉబికి వచ్చి, చేతికి కూడా కాస్త అంటింది. చెక్కపని చేసేవాళ్ల గ్రూపులో ఫోటో పెడితే దేశం నలుమూలల నుంచీ మెచ్చుకున్నారు. ఏం కలప అని అందరూ అడిగారు. ఆ గ్రూపులో పల్నాటి వాడు ఒక్కడు, ఒకే ఒక్కడు ఉండి ఉంటే ఈ రోజు నా బతుకు ఇలా ఉండేది కాదు.

వేడుకకు ముందురోజు మధ్యాహ్నం వసారాలో చాప పరిచి, సగం కుట్టిన బొంత మీద మిగతా చీరల మడతలు వేసి, నాలుగు మూలలా ఇత్తడి చెంబులు బరువు పెట్టారు. ఒక పక్క కోటేశ్వరి, ఇంకో పక్క ఎదురింటి నాగమణి పిన్ని. బొంత ఎలా కుట్టాలో వీళ్లకు తెలియదని నిరూపించడానికి మూడో పక్క వియ్యపురాలు కూడా కూర్చున్నారు. అప్పుడు నేను పళ్లెంలో నా సామాను పట్టుకొచ్చి మధ్యలో పెట్టాను.

"అబ్బో" అంది నాగమణి పిన్ని. "ఏం రంగురా అబ్బాయ్. మెరుస్తంది."

"బాగుండయ్ అన్నయ్యగారూ" అన్నారు వియ్యపురాలు.

కోటేశ్వరి గొట్టం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి చూసింది. "వంకర లేదే" అంది. ఇరవై ఏళ్ల పైబడిన కాపురంలో ఆమె నుంచి నేను పొందిన ప్రశంసల్లో అది పెద్దది. ఆనందం పట్టలేక ఫోను తీసి వీడియో మొదలెట్టాను.

బొంత కుట్టే ఆడవాళ్లను మీరు గమనించే ఉంటారు. దారం చివర నాలుకతో తడుపుతారు. దారం తెగినప్పుడు సూదిని పెదాల మధ్య పెట్టుకుని రెండు చేతులతో బట్ట సర్దుకుంటారు. మాట్లాడేది మాత్రం ఆపరు. సూది పెదాల మధ్యే ఉంటుంది, కబుర్లు పక్క నుంచి వస్తుంటాయి. ఆ పూట కూడా కబుర్లు బ్రహ్మాండంగా సాగాయి, కొంతసేపు.

ముందు నాగమణి పిన్ని ముక్కు ఎగబీల్చింది. తర్వాత కోటేశ్వరి పైట చెంగుతో పెదాలు తుడుచుకుంది. వియ్యపురాలు కళ్లు నలుపుకున్నారు, నలుపుకున్న కొద్దీ ఎర్రబడ్డాయి.

"వదినా" అన్నారు, "ఇందాక మజ్జిగలో ఏం ఏశావ్?"

"ఉప్పు, కరివేపాకు. ఏం వదినా?"

"ఏం లేదులే. నోరంతా మండతంది. మీ ఇంట్లో మజ్జిగ కూడా కారంగా చేస్తారేమోనని."

"మా మజ్జిగ తాగి ఇప్పటిదాకా ఎవురికీ ఏం కాలేదు వదినా. ఏదన్నా మనసులో పెట్టుకుని తాగితే నాకు తెలవదు."

"నేనేం పెట్టుకున్నా మనసులో?"

"కుందేళ్లు."

నాగమణి పిన్ని ఇద్దరి మధ్యా సర్దబోయింది గానీ అప్పటికి ఆమె కింది పెదవి మాట వినే స్థితిలో లేదు. లోపలి గదిలోంచి శ్రావణి పసిదాన్ని ఎత్తుకుని బయటికొచ్చి, "ఎందుకమ్మా ఏడుస్తున్నారు ముగ్గురూ" అంది. నేను ఫోను పట్టుకుని, "ఏడవట్లేదమ్మా, ఆనందబాష్పాలు" అన్నాను. నమ్మండి, నేను అలాగే అనుకున్నాను. ఆ వీడియో ఇప్పటికీ మా బంధువుల ఫోన్లన్నింట్లో ఉంది, ఆ మాటతో సహా.

శ్రావణి బిడ్డను బొంత మీద ఒకసారి పడుకోబెట్టి చూద్దామని వంగింది. సరిగ్గా అప్పుడే కోటేశ్వరి దిండులోంచి సూది లాగితే, దాని వెంట ఎర్రటి మెత్తటి పొడి చీర మీద రాలింది. అప్పటికే అక్కడక్కడా అలాంటి మరకలున్నాయి. ఆమె వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుంది.

"ఆగవే" అంది కూతురితో. "దాన్ని లోపలికి తీసకపో." తర్వాత నా వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇది ఏం చెక్క?"

"ఎర్రచేవ. అరుదైంది."

"అంత అరుదైంది యాడ దొరికింది?"

"అటక మీద."

"అటక మీద ఏం ఉండయ్?"

"రోకళ్లు."

"ఏ రోకలి కోశావ్?"

"ఎర్రది."

నాగమణి పిన్ని సూది కింద పెట్టేసింది.

"అది ఎందుకు ఎర్రగా ఉందో ఎప్పుడన్నా ఆలోచించావా?" అంది కోటేశ్వరి.

"పుట్టుకతో వచ్చిన రంగు."

"అది తెల్లతుమ్మ కర్రయ్యా. మీ అమ్మ ఈ ఇంటికి కాపురానికొచ్చిన కాణ్ణించి ఏటేటా కారం కొట్టిన రోకలి."

"వీళ్లమ్మ కారం కొడతంటే ఈ బజారంతా తలుపులేసుకునేది" అంది నాగమణి పిన్ని, వాచిన మూతితో వీలైనంత స్పష్టంగా.

ఇక్కడే నా న్యాయమైన ప్రశ్న. ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? కారం కొట్టే రోజున మగపిల్లల్ని ఇంట్లో ఉండనిచ్చేవారా? పొద్దున్నే పొలానికి తోలేసేవారు. ఉప్పుడబ్బా మీద ఉప్పు అని రాసుకుంటారు, పంచదార డబ్బా మీద పంచదార అని రాసుకుంటారు. కారం రోకలి మీద ఒక్క ముక్క రాసిన పాపాన ఎవరైనా పోయారా? ఇదంతా అక్కడే, అప్పుడే గట్టిగా అడిగాను.

కోటేశ్వరి బొంత అంచు ఎత్తి, లోపలి మడతల్లో దూరిన పొడిని చూస్తూ, "మా అమ్మవి ఇయ్యే మిగిలినయ్" అంది.

ఆ ఒక్క నిమిషం నేను వాదించలేదు.

మాట్లాడింది వియ్యపురాలే. ఆమె కుందేళ్ల కవరు వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. కళ్లు తుడుచుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని లేచారు. "ఏడిస్తే ఏం లాభం వదినా. కుట్లిప్పు. నీళ్లు పోశామంటే కారం ఇంకా పాకుద్ది. ముందు దులిపి, మజ్జిగలో నానేసి, తర్వాత కుంకుడు రసం పెట్టి ఉతకాల. అన్నయ్యగారు ఉతుకుతారు."

"నేనా?" అన్నాను.

"కారం కొట్టింది మీ అమ్మగారు. కోసింది మీరు. మమ్మల్ని ఉతకమంటారా?"

దీనికి నా దగ్గర జవాబుండేది, కానీ ముగ్గురూ ఒకేసారి చూశారు.

అలా నేను దొడ్లో కూర్చుని, గంగాళం నిండా మజ్జిగలో చనిపోయిన మా అత్తమ్మ చీరలు పిసికాను. ఆవిడ బతికుండగా ఆవిడ మాట నేను ఎన్నడూ విన్నది లేదు. ఆ లెక్కంతా ఆ పూట సరిపోయింది. చేతులు మణికట్టు దాకా భగభగమన్నాయి. పొరపాటున ముక్కు గోక్కున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో రాయడానికి కూడా నాకు ఇష్టం లేదు. సాంబయ్య గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏంది బావా, మజ్జిగలో చీరలుతుకుతన్నావ్?"

"హాబీ" అన్నాను.

ఎండ పుణ్యమా అని చీరలు గంటలో ఫెళఫెళలాడాయి. క్యాలెండరు సూదులు మళ్లీ కిందికి దిగాయి. ముగ్గురూ కొత్తగా కుట్టు మొదలెట్టారు. మధ్యాహ్నం మజ్జిగ దగ్గర తగువు పడ్డ ఇద్దరూ ఇప్పుడు ఒకే దారపు ఉండ పంచుకుంటూ, మగవాళ్లు ఇంటికి చేసే నష్టాల గురించి ఆత్మీయంగా మాట్లాడుకున్నారు. మా వియ్యంకుడు గారు ఒకసారి వాషింగ్ మెషిన్‌లో మోటారు బాగుచేయబోయి ఏం చేశారో నాకు ఆ పూటే తెలిసింది. రాత్రి బాగా పొద్దుపోయాక బొంత పూర్తయింది. నాకు మాత్రం ఎవరూ కాఫీ ఇవ్వలేదు.

మర్నాడు పందిట్లో ఉయ్యాలకు పూలు చుట్టారు. బంధువులందరూ చుట్టూ నిలబడ్డారు. కోటేశ్వరి బొంత పరిచింది, శ్రావణి బిడ్డను దాని మీద పడుకోబెట్టింది. పాట అందుకోవడానికి ఆడవాళ్లు గొంతులు సవరించుకున్నారు.

బిడ్డ తుమ్మింది.

ఆ పందిట్లో ఉన్న వాళ్లంతా బిడ్డను కాదు, నన్ను చూశారు. పసిపిల్లలు తుమ్మరా? ప్రపంచంలో తుమ్మిన మొట్టమొదటి శిశువు నా మనవరాలేనా? నేను నోరు తెరిచేలోపే కోటేశ్వరి వంగి, బిడ్డ కాళ్ల దగ్గర బొంత అంచు చేతిలోకి తీసుకుని, అంతమంది ముందు, ఆ గుడ్డ మీద నాలుక పెట్టి చూసింది. మూల నుంచి మూలకు, తొందరపడకుండా చూసింది. తర్వాత అంచు సర్ది, బిడ్డ చుట్టూ కప్పింది.

"ఏం లేదు. చల్లగా ఉంది" అంది. ఆమె కళ్లు అప్పుడు తడిగా ఉన్నాయి. ఆ తడికి మాత్రం కారణం నేను కాదు.

బిడ్డ నిద్రపోయింది. పాట మొదలైంది. నేను ఉయ్యాల తాడు పట్టుకుని, బంధుమిత్రుల సమక్షంలో, మనసులోనే ఒక ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట ఏ జాతి చెక్కనైనా సరే, ఎంతటి పెద్దమనిషి ఇచ్చినా సరే, ఈ చివర నుంచి ఆ చివర దాకా నాలుకతో నాకి చూడకుండా లేత్‌కు ఎక్కించను.

నేటికీ ఆ మాట తప్పలేదు. కలప డిపో వాడు నన్ను చూడగానే లోపలున్న వాళ్లందర్నీ పిలిచి వరసగా నిలబెడుతున్నాడు, ఆ విషయంలో కూడా తప్పు నాది కాదు.